లాభం చెప్పిన నోటితోనే నష్టమూ చెప్పాలి

విదేశీ వాణిజ్యం, విదేశీ పెట్టుబడుల వల్ల ప్రజలకు మేలు అని ప్రభుత్వాలు చేసే ప్రచారం మీద ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఉద్యోగంలో ఉన్నంతకాలం ఇలాంటి ప్రెస్‌నోట్లు, కరపత్రాలు రాయడమే నా పని. ఇప్పుడు ఆ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు పాఠాలు చెబుతున్నాను. అందుకే సంపాదకులు ఈ ఉత్తరాల కట్ట నాకు పంపారు. అన్నిటికీ చోటు చాలదు కాబట్టి కొన్నిటికే జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, ఎగుమతులు పెరిగితే విజయం అంటారు, దిగుమతులు పెరిగితే భారం అంటారు. మా క్లాసులో మాత్రం వాణిజ్యం వల్ల వచ్చే లాభం దిగుమతుల రూపంలోనే వస్తుందని చెప్పారు. ఏది నిజం? (ఒక బీఏ విద్యార్థిని)

మీ క్లాసులో చెప్పిందే నిజం తల్లీ. ఎగుమతి అంటే మనం చెమటోడ్చి తయారుచేసిన వస్తువును ఇంకొకరి చేతిలో పెట్టడం. దానికి బదులుగా మన చేతికి వచ్చేదే మనం అనుభవించేది. బదులు ఏమీ రాకపోతే ఎగుమతి వల్ల మనకు ఒరిగేదేమిటి?

ఆర్థికవేత్త డేవిడ్ రికార్డో 1817లో వేసిన లెక్క నువ్వు చదివే ఉంటావు. కొంత బట్ట తయారు చేయడానికి ఇంగ్లండులో 100 మంది ఏడాది పాటు పనిచేయాలి, కొంత వైన్ తయారీకి 120 మంది కావాలి. అదే బట్టకు పోర్చుగల్‌లో 90 మంది, అదే వైన్‌కు 80 మంది చాలు. రెండూ పోర్చుగల్‌లోనే తక్కువ శ్రమతో అవుతున్నాయి. అయినా పోర్చుగల్ తన 80 మంది చేసిన వైన్ ఇచ్చి, సొంతంగా అయితే 90 మంది కష్టపడాల్సిన బట్ట తెచ్చుకుంటుంది. ఇంగ్లండు 100 మంది చేసిన బట్ట ఇచ్చి, 120 మంది శ్రమకు సమానమైన వైన్ తెచ్చుకుంటుంది. ఇద్దరికీ మిగులు కనిపించేది తెచ్చుకున్న సరుకులోనే. పంపిన సరుకు ఖర్చు పద్దులో ఉంది.

మరి ప్రభుత్వాలు ఎగుమతుల గురించే ఎందుకు గొప్పగా చెబుతాయి? ఎగుమతి చేసేవాళ్లకు సంఘాలున్నాయి, ఓడరేవులో ఫొటో తీయించుకోవచ్చు, ఏడాది చివర ఒక అంకె ప్రకటించవచ్చు. దిగుమతి లాభం కోట్లాది ఇళ్లలో కొంచెం కొంచెంగా చేరుతుంది కాబట్టి దానికి సంఘం ఉండదు, సన్మానం ఉండదు. 1964లో దక్షిణ కొరియా ఎగుమతులు 10 కోట్ల డాలర్లు దాటినప్పుడు ఆ దేశం ఏకంగా ఎగుమతుల దినం ప్రకటించుకుంది. తర్వాత ఆ పేరు వాణిజ్య దినంగా మారింది. ఆ మార్పు నాకు నచ్చింది. కొరియా ఎగుమతుల వెనక దిగుమతి చేసుకున్న యంత్రాలు, ముడిసరుకు కొండంత ఉన్నాయి. వాటిని పక్కనపెట్టి ఆ దేశం ఎదిగిన కథ చెప్పలేం.

ఈ ఏకపక్ష ప్రచారం ఫలితం సర్వేల్లో తెలుస్తుంది. ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే అమెరికా సర్వే సంస్థ 2014లో 44 దేశాల ప్రజలను అడిగింది. దేశాలను శాతాల వరుసలో పేరిస్తే సరిగ్గా నడుమ వచ్చే దేశంలో 81 శాతం మంది విదేశీ వాణిజ్యం మంచిదే అన్నారు. దానివల్ల ధరలు తగ్గుతాయా అంటే అవునన్నవాళ్లు నాలుగో వంతు మందే. అంటే వాణిజ్యం మంచిదని ఒప్పుకుంటున్నవాళ్లకే దాని అసలు మేలు ఏమిటో ఎవరూ చెప్పలేదన్నమాట. నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం.

చెప్పగలిగినవాళ్లు ఒకప్పుడు ఉన్నారు. బ్రిటన్‌లో 1815 నుంచి ధాన్యం చట్టాలు చవక విదేశీ గోధుమను అడ్డుకునేవి. భూస్వాములకు గిట్టుబాటు, మిల్లు కార్మికుడికి అర్ధాకలి. మాంచెస్టర్‌లో మొదలైన ధాన్య చట్ట వ్యతిరేక లీగ్ దీనికి ఎదురు నిలిచింది. రిచర్డ్ కాబ్డెన్, జాన్ బ్రైట్ దాని నాయకులు. 1840లో దేశంలో ఎక్కడికైనా ఒక్క పెన్నీకే ఉత్తరం పంపే తపాలా వచ్చింది. లీగ్ ఆ తపాలాలో లక్షల సంఖ్యలో కరపత్రాలు పంపింది. స్వేచ్ఛా వాణిజ్యం ఉంటే పెద్ద రొట్టె, సుంకం ఉంటే చిన్న రొట్టె అని బొమ్మ వేసి చూపించింది. సిద్ధాంతం తెలియని ఇంటికి కూడా అది అర్థమైంది. ఐర్లండులో బంగాళాదుంప పంట కుళ్లిపోవడంతో పరిస్థితి ఇంకా బిగిసింది. 1846లో ప్రధాని రాబర్ట్ పీల్ తన పార్టీ చీలిపోతుందని తెలిసీ ఆ చట్టాలను రద్దు చేశాడు. వెంటనే పదవి పోయింది.

వాళ్ల ప్రచారంలో 'దేశ ప్రతిష్ఠ' ముందుకు రాలేదు, తినే మనిషి ముందుకు వచ్చాడు. నా క్లాసుల్లో ఆ కరపత్రాల గురించి చెప్పకుండా ఏ పాఠమూ మొదలుపెట్టను.

ప్రశ్న: దిగుమతుల పోటీకి నిలవలేక మా యూనిట్ మూతపడింది. 'దేశానికి మొత్తం మీద లాభం' అని టీవీలో వింటుంటే ఒళ్లు మండుతోంది. మీరు కూడా అదే మాట చెబుతారా? (పని పోయిన ఒక సూపర్‌వైజర్)

చెప్పను, అన్నా. మీ కోపం న్యాయమైనది. దానికి లెక్క కూడా ఉంది.

'మొత్తం మీద' అనేది కూడికలు, తీసివేతలు అన్నీ అయ్యాక మిగిలే అంకె. పది లక్షల మందికి తలా కొంచెం లాభం, వెయ్యి మందికి జీవితమంతా కోలుకోలేని నష్టం. రెండూ కలిపితే పైకి లాభమే వస్తుంది. ఆ అంకె నిజమే కావచ్చు. కానీ ఆ వెయ్యి మంది ఇంట్లో దానికి విలువ లేదు. లాభం పొందినవాళ్లకు తమకు లాభం వచ్చిందని కూడా తెలియదు. నష్టపోయినవాళ్లకు తేదీతో సహా తెలుసు.

చైనా 2001 డిసెంబరులో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరింది. దాని సరుకు పెద్ద ఎత్తున దిగిన తర్వాత అమెరికా పట్టణాలకు ఏమైందో డేవిడ్ ఆటర్, డేవిడ్ డార్న్, గోర్డన్ హాన్సన్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు పరిశోధించి 2013లో ప్రచురించారు. అప్పటిదాకా చాలామంది ఆర్థికవేత్తల అంచనా ఏమిటంటే, ఫ్యాక్టరీ మూతపడితే కార్మికుడు ఇంకో ఊరికో ఇంకో పనికో సర్దుకుంటాడని. అలా జరగలేదు. ఫర్నిచర్, బట్టలు, బొమ్మలు తయారుచేసే ప్రాంతాల్లో చాలామంది కదల్లేదు. పని దొరకలేదు, ఆ ప్రాంతాల్లో జీతాలు తగ్గాయి, వైకల్య పింఛను మీద బతికేవాళ్లు పెరిగారు. వీళ్లే మరో ఇద్దరితో కలిసి తర్వాత చేసిన అంచనా ప్రకారం 1999 నుంచి 2011 మధ్య ఈ పోటీ వల్ల అమెరికాలో 20 నుంచి 24 లక్షల ఉద్యోగాలు పోయాయి. అదే కాలంలో అదే దేశంలో కోట్లాది కుటుంబాలకు వస్తువులు చవక అయ్యాయి. రెండూ నిజాలే. ప్రచారంలో ఒకటే వినిపించింది.

ఒక వాణిజ్య ఒప్పందం మీద జరిగిన సభ నాకు బాగా గుర్తు. వేదిక మీద ఒక అధికారి ప్రయోజనాల పట్టిక అంతా చదివారు. వెనక వరుసలోంచి ఒక పెద్దాయన లేచి, “అయ్యా, ఇందులో నేను ఏ పేజీలో ఉన్నాను?” అని అడిగారు. హాల్లో ఎవరూ నవ్వలేదు. ఆయన గొంతులో ఎగతాళి లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. ఆ పట్టికలో ఆయన లేరు. ఆ ప్రశ్నను నేను ఇప్పుడు ప్రతి బ్యాచ్‌కూ మొదటిరోజే చెబుతాను.

ఈ బాధ్యతను పైకి ఒప్పుకున్న సందర్భాలు లేకపోలేదు. 1962లో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ సుంకాలు తగ్గించే చట్టం తెచ్చినప్పుడు, దేశం కోసం తీసుకున్న నిర్ణయం వల్ల దెబ్బతిన్నవాళ్లే ఆ భారమంతా మోయకూడదని, ప్రభుత్వం కూడా పంచుకోవాలని వాదించాడు. పని పోయినవాళ్లకు భృతి, శిక్షణ ఇచ్చే పథకం ఆ చట్టంతోనే పుట్టింది. కానీ నిబంధనలు ఎంత బిగించారంటే 1960లు దాదాపు అంతా ఒక్క కార్మిక బృందానికీ సాయం అందలేదు. 1974లో చట్టం సడలించాక కానీ అది పనిచేయలేదు. 2022 జూలైలో దాని గడువు ముగిసి కొత్త దరఖాస్తులు ఆగిపోయాయి. యూరోపియన్ యూనియన్ 2007లో ఇలాంటిదే ఒక నిధి మొదలుపెట్టింది. మొదట్లో వెయ్యి మంది పని కోల్పోతేనే సాయం. 2021లో ఆ హద్దును 200కు దించారు. హద్దు దించడం చిన్న మార్పులా అనిపిస్తుంది కానీ చిన్న యూనిట్లలో పనిచేసేవాళ్లకు అదే ప్రాణం.

మీకు పనికొచ్చే మాట ఒకటి చెబుతాను. దిగుమతులు ఒక్కసారిగా పెరిగి దేశీయ పరిశ్రమకు తీవ్ర నష్టం కలిగిస్తే, సభ్యదేశం తాత్కాలికంగా అదనపు సుంకం వేసుకోవడానికి ప్రపంచ వాణిజ్య సంస్థ నిబంధనల్లోనే వీలుంది. దాన్ని రక్షణ చర్య అంటారు. మొదట నాలుగేళ్ల వరకు, పొడిగిస్తే మొత్తం ఎనిమిదేళ్ల వరకు వేయవచ్చు. అది ఒక్కరు అడిగితే రాదు. పరిశ్రమ తరఫున ఉత్పత్తి, అమ్మకాలు, ఉద్యోగాలు ఎలా పడిపోయాయో లెక్కలతో పిటిషన్ వేయాలి. ఆ తర్వాత విచారణ జరుగుతుంది. మీ పాత యాజమాన్యంతో, అదే సరుకు చేసే మిగతా యూనిట్లతో మాట్లాడండి. హాజరు పట్టీలు, జీతాల చిట్టాలు పారేయకండి. ఇలాంటి దారి ఉందని ఒప్పందాన్ని పొగిడే కరపత్రంలోనే చెప్పి ఉండాల్సింది. చెప్పకపోవడం అన్యాయం.

ప్రశ్న: దిగుమతి సుంకం పెంచితే ఆ డబ్బు విదేశీయులు కడతారట కదా? మా ఇంట్లో వాదన జరుగుతోంది. (ఒక గృహిణి)

సుంకం కట్టేది సరుకు తెప్పించుకున్న దిగుమతిదారు అమ్మా, అదీ మన కస్టమ్స్‌కే. విదేశీ కంపెనీ ధర తగ్గించుకుంటే కొంత భారం దాని మీద పడవచ్చు. తగ్గించుకోకపోతే కొనేవాళ్ల మీద పడుతుంది.

అమెరికా 2018లో వాషింగ్ మెషీన్ల మీద కొత్త సుంకం వేసింది. తర్వాత ఆర్థికవేత్తలు ధరలు పరిశీలిస్తే మెషీన్ సుమారు 12 శాతం, అంటే 86 డాలర్ల దాకా పెరిగింది. విచిత్రం ఏమిటంటే బట్టలు ఆరబెట్టే డ్రయర్ మీద సుంకమే లేదు, అయినా దాని ధర కూడా దాదాపు అంతే పెరిగింది. ఆ దేశంలో రెండూ జతగా కొంటారు కాబట్టి అమ్మేవాళ్లు పెంపును రెండిటి మీదా సర్దేశారు. స్వదేశీ కంపెనీలూ ధర పెంచుకున్నాయి. కొత్త ఫ్యాక్టరీలు నిజంగానే వచ్చాయి, సుమారు 1,800 ఉద్యోగాలు వచ్చాయి. ఒక్కో ఉద్యోగానికి కొనుగోలుదారులు ఏడాదికి మోసిన భారం 8 లక్షల డాలర్లకు పైనే. ఈ లెక్క మీ ఇంటి వాదనకు సరిపోతుందనుకుంటాను.

ప్రశ్న: నేను పత్రికలో సబ్ఎడిటర్‌ని. పెట్టుబడుల సదస్సు అయిన రోజు 'ఇన్ని వేల కోట్లు, ఇన్ని లక్షల ఉద్యోగాలు' అని ప్రెస్‌నోట్ వస్తుంది. అలాగే వేస్తే మనసు ఒప్పుకోదు, వేయకపోతే పై నుంచి టెన్షన్. ఏం చేయాలి?

వేయండి తమ్ముడూ, కానీ ఆ డబ్బు ఏ మెట్టు మీద ఉందో రాయండి. పెట్టుబడికి నాలుగు మెట్లుంటాయి. ఆసక్తి ఉందని ప్రకటించడం, అవగాహన పత్రం మీద సంతకం, అనుమతులు, చివరికి డబ్బు వచ్చి ఖర్చు కావడం. సదస్సు ప్రెస్‌నోట్ సాధారణంగా మొదటి రెండు మెట్ల మీదే ఉంటుంది. శీర్షికలో మాత్రం అది నాలుగో మెట్టు మీద ఉన్నట్టు కనిపిస్తుంది. 'వస్తున్నాయి' అని కాకుండా 'సంతకాలయ్యాయి' అని రాస్తే అబద్ధం ఆగిపోతుంది, మీ పై అధికారికీ అభ్యంతరం ఉండదు.

అమెరికాలోని విస్కాన్సిన్ సంగతి చూడండి. తైవాన్ కంపెనీ ఫాక్స్‌కాన్ అక్కడ టీవీ తెరల ఫ్యాక్టరీ పెడుతుందని 2017 జూలైలో వైట్‌హౌస్‌లోనే ప్రకటించారు. వెయ్యి కోట్ల డాలర్ల పెట్టుబడి, 13,000 ఉద్యోగాలు అన్నారు. రాష్ట్రం సుమారు 300 కోట్ల డాలర్ల రాయితీలు ఇస్తానంది. మాట ఇచ్చిన ఉద్యోగాలన్నీ వచ్చినా ఒక్కోదానికి 2,30,000 డాలర్ల రాయితీ పడుతుంది. ఆ భాగహారం ప్రకటన రోజే ఎవరైనా చేయవచ్చు. 2018లో శంకుస్థాపనకు అధ్యక్షుడు ట్రంప్ స్వయంగా వచ్చారు. ఫ్యాక్టరీ కోసం ఇళ్లు, పొలాలు తీసుకున్నారు, రోడ్లు వేశారు. 2021లో ఒప్పందం తిరగరాశారు. కొత్త అంకెలు 67 కోట్ల 20 లక్షల డాలర్లు, 1,454 ఉద్యోగాలు. రాయితీ 8 కోట్లకు తగ్గింది. ఉద్యోగాలు వస్తేనే రాయితీ అని మొదటి ఒప్పందంలోనే షరతు ఉండబట్టి రాష్ట్ర ఖజానా చాలావరకు బతికింది. కాబట్టి మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. రాయితీ ఎప్పుడు ఇస్తారు, మాట తప్పితే వెనక్కి తీసుకుంటారా? ప్రెస్‌నోట్‌లో లేకపోతే ఫోన్ చేసి అడగండి. జవాబు చెప్పకపోతే చెప్పలేదని రాయండి.

ఇంకో చిక్కుంది. నాలుగో మెట్టు దాకా వచ్చిన డబ్బంతా ఫ్యాక్టరీ కాదు. ఒక విదేశీ సంస్థ ఇక్కడి కంపెనీలో పది శాతం లేదా అంతకన్నా ఎక్కువ వాటా తీసుకుంటే గణాంకాల్లో అది ప్రత్యక్ష పెట్టుబడే. ఆ కంపెనీ ఒక తలుపు మీద పేరు బోర్డు మాత్రమే అయినా సరే. పన్నులు తప్పించుకునేందుకు ఇలా ఖాళీ కంపెనీల గుండా తిరిగే సొమ్ము ప్రపంచ ప్రత్యక్ష పెట్టుబడిలో దాదాపు 40 శాతం అని అంతర్జాతీయ ద్రవ్యనిధి 2019లో ప్రచురించిన పరిశోధన అంచనా వేసింది. ఆరు లక్షల జనాభా ఉన్న లక్సెంబర్గ్‌లో అప్పట్లో ఉన్న విదేశీ పెట్టుబడి అమెరికాలో ఉన్నంత ఉండేది. అంత చిన్న దేశంలో అన్ని ఫ్యాక్టరీలు ఎక్కడుంటాయి?

ఐర్లండు ఇంకా తమాషాగా ఇరుక్కుంది. కొన్ని బహుళజాతి కంపెనీలు తమ ఆస్తులను, పేటెంట్ల వంటి వాటిని కాగితాల మీద అక్కడికి మార్చడంతో 2015లో ఆ దేశ జీడీపీ 26 శాతం పెరిగినట్టు లెక్క తేలింది. ప్రజల జీవితంలో అలాంటి మార్పేమీ లేదు. చివరికి అక్కడి గణాంక సంస్థ 2017 నుంచి ఈ ప్రభావం తీసేసిన మరో కొలత ప్రకటించడం మొదలుపెట్టింది. తమకు గొప్పగా కనిపించే అంకెను తామే సవరించుకున్న ఆ నిజాయతీ నాకు ఎంతో గౌరవం కలిగించింది. ఐర్లండుకు విదేశీ పెట్టుబడి వల్ల నిజమైన ఉద్యోగాలు, నిజమైన నైపుణ్యం చాలానే వచ్చాయి. వాటిని చెప్పుకోవడానికి ఆ 26 శాతం అక్కర్లేదు.

ప్రశ్న: విదేశీ కంపెనీ కొత్త ఫ్యాక్టరీ పెడితే నాకు సంతోషం. అదే మన కంపెనీని కొనేస్తే మనసుకు కష్టంగా ఉంటుంది. ఇది పాతకాలపు ఆలోచన అని మా అబ్బాయి అంటాడు. (ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు)

మాస్టారూ, ప్రపంచంలో చాలామంది మీలాగే ఆలోచిస్తారు. పైన చెప్పిన 2014 సర్వేలోనే కొత్త ఫ్యాక్టరీలు మంచివన్నవాళ్లు 74 శాతం, స్వదేశీ కంపెనీలను విదేశీయులు కొనడం మంచిదన్నవాళ్లు 45 శాతం.

కొత్త ఫ్యాక్టరీ అంటే లేనిది కళ్లముందు లేస్తుంది. కొనుగోలులో బోర్డు మారుతుంది, ముందుగా కనిపించేది అదే. కానీ కుదేలైన కంపెనీకి కొత్త యాజమాన్యం యంత్రాలు, మార్కెట్లు, జీవం తెచ్చిన సందర్భాలూ ఉన్నాయి. కొన్నాక పరిశోధన విభాగాన్ని ఎత్తుకెళ్లిపోయిన సందర్భాలూ ఉన్నాయి. ఏది కొన్నారు, ఎందుకు కొన్నారు, నిర్ణయాలు ఇకపై ఎక్కడ జరుగుతాయి అన్నది చూడాలి. కొత్త ఫ్యాక్టరీ కూడా శాశ్వతం కాదు. కోస్టారికాలో చిప్‌ల కంపెనీ ఇంటెల్ 1996లో ప్లాంటు ప్రకటించింది. ఆ చిన్న దేశపు ఎగుమతుల రూపమే మారిపోయింది. 2014లో చిప్‌ల అసెంబ్లీని ఆసియాకు మారుస్తున్నామని చెప్పి సుమారు 1,500 ఉద్యోగాలు తీసేసింది. అయినా దేశం కూలిపోలేదు. ఇంటెల్‌ను చూసి ఆ మధ్యకాలంలో వైద్య పరికరాల కంపెనీలు వచ్చాయి, స్థానిక ఇంజినీర్లు తయారయ్యారు. ఇంటెల్ పరిశోధన కేంద్రం అక్కడే ఉండిపోయింది, కొన్నేళ్లకు అసెంబ్లీ కూడా తిరిగి వచ్చింది, 2025లో దాన్ని మళ్లీ ఆసియాకు మారుస్తున్నట్టు ప్రకటించారు. నేను చూసేది అదే మాస్టారూ. వచ్చిన కంపెనీ రేపు పోతే ఇక్కడ ఏం మిగులుతుంది? నేర్చుకున్న మనుషులు మిగిలితే ఆ పెట్టుబడి మంచిదే, కొత్తది కట్టినా పాతది కొన్నా.

ప్రశ్న: అక్కా, నేను ప్రచార విభాగంలో కొత్తగా చేరాను. ఒక వాణిజ్య ఒప్పందం గురించి ప్రజలకు అర్థమయ్యేలా కరపత్రం రాయమన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి? ఏ తప్పులు చేయకూడదు? (ఒక జూనియర్ అధికారిణి)

ముందు చేయకూడనివి చెబుతాను చెల్లీ.

ఉద్యోగాల అంకె మాట ఇవ్వకు. 1993 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ అమెరికా, కెనడా, మెక్సికోల మధ్య స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందమైన నాఫ్టా గురించి చెబుతూ మొదటి రెండేళ్లలో రెండు లక్షలు, అయిదేళ్లలో పది లక్షల అమెరికన్ ఉద్యోగాలు వస్తాయన్నాడు. 1994 జనవరి 1న ఒప్పందం అమల్లోకి వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో మెక్సికో కరెన్సీ పెసో విలువ కుప్పకూలింది, అమెరికా సరుకు కొనే శక్తి అక్కడ తగ్గింది, 1995కల్లా మెక్సికోతో అమెరికా వాణిజ్యం లోటులో పడింది. ఆ తర్వాత ఎన్ని పరిశోధనలు వచ్చి, ఒప్పందం వల్ల మొత్తం ఉపాధి మీద ప్రభావం కొంచెమే అని చెప్పినా వినేవాడెవడు? వ్యతిరేకుల చేతికి ఆ పది లక్షల అంకె దొరికింది. దేశంలో మొత్తం ఎన్ని ఉద్యోగాలుంటాయన్నది గిరాకీ, వడ్డీ రేట్లు, వ్యాపార పరిస్థితి తేలుస్తాయి. వాణిజ్యం ప్రధానంగా మార్చేది ఏ పనులు ఉంటాయి, ఏవి పోతాయి అన్నది. అదే రాయి.

సగటు అంకెతో మనసు దోచాలని చూడకు. యూరప్, అమెరికాల మధ్య టీటీఐపీ ఒప్పందం కోసం 2013లో చర్చలు మొదలైనప్పుడు, నలుగురున్న సగటు యూరప్ కుటుంబానికి ఏడాదికి 545 యూరోలు అదనంగా వస్తాయని ప్రచారం చేశారు. అది ఒప్పందం పూర్తి స్థాయిలో కుదిరి, ఏళ్ల తర్వాత ఫలితాలు వస్తే అనే లెక్క. ఆ షరతులు ప్రచారంలో చిన్న అక్షరాలైపోయాయి. పైగా ఏ కుటుంబమూ సగటు కుటుంబం కాదు.

దాచకు. చర్చలు జరిపే అధికారులకు యూరప్ దేశాలు ఇచ్చిన ఆదేశ పత్రం బయటపెట్టేసరికి 2014 అక్టోబరు వచ్చింది, అప్పటికే ఏడాది దాటింది. ఈలోపు ఖాళీని భయాలు నింపేశాయి. విదేశీ పెట్టుబడిదారులు ప్రభుత్వం మీద వేసే కేసుల నిబంధన గురించి ప్రజలను అడిగితే దాదాపు లక్షా యాభై వేల జవాబులు వచ్చాయి, ఎక్కువ భాగం వ్యతిరేకంగానే. 2015 అక్టోబరులో బెర్లిన్‌లో లక్షమందికి పైగా వీధుల్లోకి వచ్చారు. ఆ ఒప్పందం పూర్తి కాలేదు. ఆ భయాల్లో కొన్ని అతిగా ఉన్నాయని నా అభిప్రాయం, కానీ పత్రం దాచిపెట్టినవాళ్లకు ఆ మాట అనే అర్హత పోయింది.

నిపుణుల సంతకాల మీద ఆధారపడకు. 1930లో 1,028 మంది ఆర్థికవేత్తలు సుంకాలు పెంచే బిల్లు మీద సంతకం చేయొద్దని అమెరికా అధ్యక్షుడు హూవర్‌కు విన్నవించారు. ఆయన చేసేశాడు. కెనడా మొదలైన దేశాలు ఎదురు సుంకాలు వేశాయి. ఆర్థికవేత్తలు చెప్పింది సరైనదే. వెయ్యి పేర్లు మాత్రం ఎవరి మనసూ మార్చలేదు.

ఇక మొదలుపెట్టడం. ఒప్పందంలో సుంకాల షెడ్యూలు ఉంటుంది. ముందు దాన్ని చదువు, ప్రసంగాలు తర్వాత. ఏ సరుకు మీద సుంకం ఎంత తగ్గుతోంది, ఎన్నేళ్లలో తగ్గుతోంది అనేది అక్కడే ఉంటుంది. నాఫ్టాలో మొక్కజొన్న, చిక్కుడు గింజల వంటి సున్నితమైన వాటికి 2008 దాకా గడువిచ్చారు. అలాంటి గడువు తెలిస్తే రైతు ముందే ఆలోచించుకుంటాడు. మొదటి పేజీలో ఇంటికి చవకగా వచ్చే వస్తువులు, చిన్న పరిశ్రమకు చవకగా వచ్చే యంత్రాలు, విడిభాగాలు పేర్లతో రాయి. దానికి ఎదురుగానే రెండో పేజీలో, అదే సైజు అక్షరాల్లో, పోటీ పెరిగే పరిశ్రమల పేర్లు రాయి. వాళ్లకు ఎప్పటిదాకా గడువుంది, రక్షణ చర్య ఎవరు అడగవచ్చు, శిక్షణకో భృతికో ఎక్కడ దరఖాస్తు చేయాలి అన్నది రాయి. అలాంటి పథకం లేకపోతే, లేదనే విషయం కరపత్రానికి ముందు మీ పై అధికారికి రాతపూర్వకంగా తెలియజెయ్యి. ఆ ఫైలు కదిలితే అది కరపత్రం కన్నా పెద్ద పని.

రెండో పేజీ తీసేయమని ఎవరైనా అంటారు. 'వ్యతిరేకులకు మనమే ఆయుధం ఇచ్చినట్టు' అంటారు. ఆ మాట నేనూ చాలాసార్లు విన్నాను. పోటీ దెబ్బ తగిలే ఊళ్లలో ఆ నష్టం ఎలాగూ తెలుస్తుంది, మీ కాగితం ద్వారా కాకపోతే పుకారు ద్వారా. అప్పుడు మొదటి పేజీని కూడా నమ్మరు. ఇదే మాట ఫైలు మీద రాసి పంపు.

అచ్చుకు ఇచ్చే ముందు ఆ పరిశ్రమల్లో పనిచేసే నలుగురైదుగురిని పిలిచి చదివించు. వాళ్లు ఆగిన చోట గీత పెట్టుకో, అడిగిన ప్రశ్న రాసుకో. జవాబు నీకు తెలియకపోతే సంబంధిత శాఖను అడిగి తెలుసుకుని చేర్చు. దీనికి ఎక్కువ రోజులు పడుతుందని ముందే చెప్పి గడువు తీసుకో. ముసాయిదా నాకు పంపితే చదివి పెడతాను.